నల్లి లేని పరుపు

వాడిన పరుపు కొనేటప్పుడు ఏమేమి పరీక్షించాలో నాకు సంపూర్ణంగా తెలుసునని 2003 ఏప్రిల్ పదహారో తేదీ మధ్యాహ్నం వరకు నమ్మాను. గోరంట్లలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు ప్రకృతిశాస్త్రం బోధించినదాన్ని. అమ్మేవాడి మాటను పక్కనపెట్టి వస్తువు లక్షణాలను చూడాలన్నది నా తరగతిలో మొదటి పాఠం, నా ఇంట్లో చట్టం.

ఆ ఎండాకాలం మా కోడలు హేమ మూడు నెలల పాపతో, అనుకున్నదానికంటే రెండు నెలలు ముందుగా పుట్టింటి నుంచి తిరిగివచ్చింది. బెళుగుప్ప దగ్గర వాళ్ళ ఊళ్ళో బోరు ఎండిపోయింది. బాలింతకు స్నానానికి నీళ్ళు లేనిచోట ఎలా ఉంచుతారని నేనే కబురు పెట్టాను. ఆపరేషన్ కాన్పు కావడం వల్ల ఆమెకు ఇంకా నడుము నిలిచేది కాదు. మా నులక మంచం చూస్తే నడుమ గుంటపడి ఉంది. సమంగా ఉండే పరుపు మీద పడుకోవాలని డాక్టరు చెప్పాడు.

“హిందూపురంలో స్పంజి పరుపులొచ్చినాయమ్మా. శనివారం బస్సు మీద ఏసుకొనొస్తా,” అన్నాడు మా అబ్బాయి విష్ణువర్ధన్. వాడు అక్కడ బ్యాంకులో గుమాస్తా, రోజూ బస్సులో పోయివస్తాడు.

“ఈ ఎండల్లో చంటిపిల్లను స్పంజి మీద పడుకోబెడతావా? వీపంతా పేలిపోతుంది. బూరుగు దూది పరుపు కావాలి.”

“బూరుగు పరుపు ఇప్పుడు యాడ దొరుకుతాదమ్మా?”

ఆ ఏడు దొరకని వస్తువు లేదు. వేరుశనగ విత్తినవాళ్ళకు విత్తనం కూడా తిరిగిరాని సంవత్సరం అది. బెంగళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయే కుటుంబాలు బస్టాండు పక్కన బిందెలు, మంచాలు, బీరువాలు పెట్టుకుని కూర్చునేవి. ఎదుటివాడి ఇల్లు ఖాళీ అవుతూ ఉంటే బిందెను వేలితో మోగించి, సొట్ట ఉందని సగం ధర చెప్పిన పెద్దమనుషుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను ఆ పని చేయలేదు. అడిగిన ధర ఇచ్చేదాన్ని. బేరమాడను కనుక వస్తువులో లోపాన్ని ఒప్పుకునేదాన్ని కాను. అది న్యాయమనే అనుకున్నాను.

తిమ్మప్ప దగ్గర పరుపు ఉందని తెలిసింది. అతని భార్య మారెక్క, గడ్డి లేక ఎనుములను అమ్ముకునే వరకు, తొమ్మిదేళ్ళు మా ఇంటికి పాలు పోసింది. ఉగాది పోయిన వారానికి ఇద్దరూ పరుపును సైకిలు మీద వేసుకుని వచ్చి మా అరుగు మీద దించారు.

“శెనిక్కాయలు బాగొచ్చినేడు కుట్టించింది టీచరమ్మా. అంతా బూరుగు దూదే, కల్తీ లేదు,” అన్నాడు తిమ్మప్ప.

“మాట తర్వాత. ముందు చూడనీ. హేమా, నువ్వూ వచ్చి చూడు. నేర్చుకోవలసిన పని ఇది.”

హేమ పాపను భుజాన వేసుకుని గడపలో నిలబడింది. నేను పరుపును రెండు కొసలూ పట్టి ఎత్తించి, దూది ఒకవైపు జారలేదని చూశాను. మోకాళ్ళతో ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి గుంటలు లేవని చూశాను. కుట్టు అంగుళం మేర విప్పి చిటికెడు దూది తీసి అరచేతిలో పెట్టి ఊదాను. మిల్లు చెత్త అయితే కదలదు. ఇది లేచి హేమ జుట్టులో చిక్కుకుంది. నాలుగు మూలలూ వాసన చూశాను. తిరగేసి నీటి మరకలు వెదికాను.

“మా తల్లీ, పెండ్లికూతుర్ని సూసేదానికొచ్చినోళ్ళు గూడా ఇంత సూడరు,” అని మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“పెళ్ళికూతుర్ని అంతకంటే ఎక్కువ చూసి పాడు చేస్తారు. పక్కకు జరుగు.”

చివరి పరీక్ష తెల్ల దుప్పటిది. నేల మీద దుప్పటి పరిచి, పరుపును అంచు మీద నిలబెట్టి, కర్రతో కొట్టించాను. దుమ్ము రాలింది. వేపాకు తునకలు రాలాయి. వాటితోపాటు మూడు నల్లులు పడి, ఎండ తగలగానే పరుగుతీశాయి. అంచు మడత విప్పితే నల్లటి చుక్కలు, తెల్లటి గుడ్లు.

“నల్లి లేని పరుపు ఈ ఊర్లో యాడుంటాది టీచరమ్మా?” అన్నాడు తిమ్మప్ప. “నాలుగు దినాలు ఎండకేస్తే అవే సస్తాయి.”

“పైవి చస్తాయి. కుట్టులోపలివి? గుడ్లు? ఎండ దూదిలోకి రెండంగుళాలు కూడా దిగదు. పడుకునేది చంటిపిల్ల. ఒక్క నల్లి ఉన్నా ఈ పరుపు నా గడప దాటదు. లోపలిదాకా ఒక్కటి కూడా లేకుండా చేసి తీసుకురా. నువ్వడిగిన ధరే ఇస్తాను.”

అతను భార్య ముఖం చూశాడు. పది రోజుల్లో వాళ్ళు ఊరు విడిచిపోవాలి. ఇంకెవరూ పూర్తి ధర ఇవ్వరని ముగ్గురికీ తెలుసు.

“అట్లనే. చేసుకొనొస్తాం,” అన్నాడు.

ఆరో రోజు, ఆదివారం, పరుపు మళ్ళీ వచ్చింది. ఈసారి దూరం నుంచే సాంబ్రాణి వాసన. నేను మొదటినుంచి అన్ని పరీక్షలూ మళ్ళీ చేశాను. కర్ర పట్టుకున్న తిమ్మప్పకు చెమటలు కారేవరకు కొట్టించాను. తెల్ల దుప్పటి మీద దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. తలపిన్నుతో మడతలన్నీ విప్పి చూశాను. గుడ్డు లేదు, పొట్టు లేదు.

మా అరుగు గోడ వెంట వేసవి అంతా చీమల బారు ఒకటి నడిచేది. పరుపు దించిన కాసేపటికి ఆ బారు తెగింది. చీమలు జానెడు దూరంలోనే ఆగి వెనక్కు మళ్ళాయి. అది నేను చూశాను. నా తరగతిలో ఏ పిల్లయినా అంత చూసి కారణం అడగకుండా కూర్చుని ఉంటే లేపి నిలబెట్టేదాన్ని.

“ఒక్కటి కూడా లేదు. మెచ్చుకోవాలి నిన్ను,” అన్నాను.

తిమ్మప్ప ముఖం విప్పారింది. “ఎట్ల చేసినామంటే టీచరమ్మా...”

“ఎట్లా చేశావన్నది నాకవసరం లేదప్పా. చేశావు, అంతే చాలు.”

అతను కర్రను గోడకు ఆనించాడు. మారెక్క ఆరోజు ఒక్క ఛలోక్తి కూడా విసరలేదు. మెట్టు మీద తల పట్టుకుని కూర్చుంది. ఎండ దెబ్బ అనుకుని గ్లాసెడు మజ్జిగ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది.

అడిగిన ధర తీసుకుని వాళ్ళు వెళ్ళిపోయాక హేమ పరుపు దగ్గరకు వంగి, చేయి తగలనీయకుండా నిలబడింది.

“అత్తా, దీంట్లో ఏందో మందు వాసనొస్తాంది.”

“నాలుగు మూలలూ చూసింది నేను. సాంబ్రాణి తప్ప ఏమీ లేదు.”

“సాంబ్రాణి కింద ఉండాది. మా నాయన సేనికి మందు కొట్టొచ్చి సొక్కా ఇప్పి దండెం మీద ఏస్తాడే, ఆ వాసన.”

“పుట్టింటి మీద బెంగగా ఉంటే అన్నీ అలాగే తోస్తాయి.”

“బెంగ గాదత్తా. వాళ్ళింకా సందు దాటిండరు. పోయి అడిగొస్తా.”

“హేమా!” అన్నాను. గొంతు పెంచలేదు. నాకు ఎన్నడూ గొంతు పెంచవలసిన అవసరం రాలేదు. “ఆ మనిషి నేను చెప్పిన పని ఆరు రోజులు శ్రమపడి చేసి తెచ్చాడు. ఇప్పుడు వెంటబడి అనుమానించడం మర్యాద కాదు. లోపలికి తీసుకురా.”

ఆమె పరుపును గదిలోకి లాగింది. పరుపు మీద రెండు దుప్పట్లు మడతపెట్టి పరిచింది. పాపను ఆ రాత్రి తన పొట్ట మీదనే పడుకోబెట్టుకుందని తర్వాత తెలిసింది. రెండో రోజుకు ఆపరేషన్ కుట్లు సలపరించడంతో పక్కకు దించింది. మూడు నెలల పిల్ల మూత్రానికి రెండు దుప్పట్లు ఒక లెక్కా? తడి కిందికి దిగేది, వేడికి కింద ఉన్నది పైకి వచ్చేది. ఇదంతా ఇప్పుడు ఎంతో స్పష్టంగా వివరించగలను.

బుధవారం పొద్దున పదకొండుకు కరెంటు పోయింది. విష్ణు ఎప్పటిలాగే పనికి వెళ్ళాడు. ఒంటిగంటప్పుడు హేమ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“అత్తా, పాప పొద్దన్నుంచి పాలు పట్టల్యా. లేపితే లేయల్యా.”

వెళ్ళి చూశాను. పాప మెడ, తల చెమటతో తడిసి ఉన్నాయి. పెదవి చివరనుంచి చొంగ ఆగకుండా కారుతోంది. కనురెప్పలు సన్నగా అదురుతున్నాయి. ఆ ఉదయం మూడుసార్లు నీళ్ళవిరేచనం అయింది.

“వడ తగిలింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చుక్కలుగా పోద్దాం. తడిగుడ్డ తీసుకురా. కరెంటు రెండింటికి వస్తుంది.”

“డాక్టరుతాకి పోదాం అత్తా.”

“ఈ ఎండలో బయటికి తీసుకుపోతే వడ ఇంకా ముదురుతుంది. ఒక్క గంట చూద్దాం.”

“వడ తగిలితే ఒళ్ళు కాలిపోవల్ల గదా? ముట్టి సూడు. సల్లగుండాది.”

ముట్టి చూశాను. చల్లగా, జిగటగా ఉంది. నేను చెప్పిన కారణానికి ఆ లక్షణం సరిపోలేదు. సరిపోలేదని నాకు తెలిసింది. అయినా గిన్నెలో ఉప్పు వేసి కలుపుతూనే ఉన్నాను. చెంచాతో పోసిన నీళ్ళు పాప బుగ్గ మీదుగా బయటికే వచ్చాయి.

“నాకూ పొద్దన్నుంచి తలనొప్పి,” అంది హేమ. “కండ్లు మసకగా ఉండాయి. నీకేమైనా ఉండాదా అత్తా?”

“లేదు.”

“నువ్వు పక్క గదిలో పండుకుంటావు గదా.”

ఆమె ఆ మాటను నింద లాగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అని, పాపను పరుపు మీదినుంచి ఎత్తుకుని, కొంగుతో కప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటింది. సందు చివర ఎప్పుడూ ఒక అద్దె జీపు నిలిచి ఉండేది. నేను తాళం వేసి చేరేసరికి ఇంజను నడుస్తోంది. “అన్నా, హిందూపురం ఆస్పత్రికి. యాడా ఆపొద్దు,” అంటోంది.

దారి పొడుగునా ఆమె పాప ముక్కు దగ్గర తన చెంప ఆనించి ఉంచింది. శ్వాస తగిలిన ప్రతిసారీ ఆమె పెదవులు కదిలేవి. లెక్కపెడుతోందని కొంతసేపటికి గ్రహించాను. రెండుచోట్ల ఆ పెదవులు ఎంతకూ కదలలేదు. అప్పుడు ఆమె పాప అరికాలిని గిల్లింది.

ఆస్పత్రిలో డాక్టరు నిండా ముప్పై ఏళ్ళు లేని అమ్మాయి. పాప కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. కంటిపాప గసగస గింజంత ఉంది. ఆమె టార్చి ఆర్పి నా వైపు తిరిగింది. మా ఇద్దరిలో పెద్దదాన్ని, కళ్ళద్దాలు పెట్టుకున్నదాన్ని నేనే కనుక.

“ఇంట్లో పంటలకు కొట్టే మందు ఏమైనా ఉందా అమ్మా?”

“లేదు. మాకు చేనే లేదు. నేను టీచరుగా పనిచేసి...”

“పరుపులో ఉండాది,” అంది హేమ.

డాక్టరు నా ముఖం మీదినుంచి చూపు తీసి ఆమె వైపు తిరిగింది. “ఏ పరుపు? ఎన్ని రోజులైంది?” అని అడిగింది. ఆ క్షణం తర్వాత డాక్టరు నన్ను ఏమీ అడగలేదు.

పాప బట్టలు కత్తిరించి తీసేశారు. తల నుంచి కాలి వరకు సబ్బుతో కడిగారు. ముక్కులోకి ఆక్సిజన్ గొట్టం, కాలి నరంలోకి సూది. ఆ సూది నుంచి పది నిమిషాలకొకసారి మందు ఎక్కించి, కన్ను చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మళ్ళీ ఎక్కించారు. హేమకూ స్నానం చేయించి, ఆస్పత్రి చీర ఇచ్చి, పక్క మంచం మీద కూర్చోబెట్టారు. నేను కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆరింటికి విష్ణు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏమైందమ్మా?”

చెప్పాను. వరుసగా, ఏదీ వదలకుండా చెప్పాను. వాడు సగమే విన్నాడు.

“తిమ్మప్ప గాణ్ణి వదిలేది లేదు! బెంగళూరికి పోకముందే పట్టియ్యల్ల. మందు కొట్టిన పరుపు పసిబిడ్డకు అమ్ముతాడా?”

మరునాడు పొద్దున కూడా డాక్టరు మాట ఇవ్వలేదు. “సాయంత్రం దాటాలి,” అంది. విషం కేసు కనుక పోలీసులకు తెలపడం ఆస్పత్రి నియమం. ఒక హెడ్ కానిస్టేబులు రెండు తెల్లకాగితాలు తీసుకుని నా దగ్గరకు వచ్చాడు. “మీరు టీచరంట గదా మేడం. స్టేట్‌మెంటు మీరే రాసీండి. అమ్మినోని పేరు, ఊరు బాగా తెలిసేటట్ల రాయండి,” అన్నాడు.

నేను బల్ల దగ్గర కూర్చున్నంతలోనే తిమ్మప్ప, మారెక్క కారిడార్ చివర కనిపించారు. ఎవరో కబురు చెప్పి ఉంటారు. తిమ్మప్ప తువ్వాలు చేతిలోకి తీసుకుని అంత దూరంలోనే ఆగిపోయాడు. విష్ణు లేచాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను.

“ఏమి కొట్టినావు తిమ్మప్పా?” అని అడిగాను. ఆరోజే అడగవలసిన ప్రశ్న అది.

“శెనిక్కాయలకు తెచ్చింది టీచరమ్మా. వానల్యాక కొట్టనే ల్యా, సీసా అట్లే మిగిలింది. మందులంగడాయప్పను అడిగితి. నల్లులు లోపలిదాకా సావల్లంటే ఇదే కొట్టు, నాలుగు దినాలు ఎండలో ఏస్తే వాసన పోతాది, ఏమీ గాదన్నాడు. మాకేం తెలుసు? అందరూ కొడతాండారు. నువ్వు మెచ్చుకుంటివి గూడా.”

“కుట్టు ఇప్పి లోపల సల్లింది నేనే,” అంది మారెక్క. గోడ పట్టుకుని నిలబడి ఉంది. “మళ్ళా కుట్టింది గూడా నేనే. రెండు దినాలు ఒకటే వాంతులు. ఎండకేమో అనుకొంటి. బిడ్డ ఎట్లుండాది టీచరమ్మా? పాలు తాగిందా?”

ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా లేచి ఉంది. డాక్టరును నేనే పిలిచి ఆమె కళ్ళు చూడమన్నాను. పురుగుమందుల అంగడి మనిషి ఏ నమ్మకంతో చేనుకు కొట్టవలసిన విషాన్ని పడకకు కొట్టమన్నాడో, అతన్ని ఏ కాగితం మీదికీ ఎవరూ ఎక్కించలేదు. అతని అంగడి ఆరోజూ తెరిచే ఉంది. ఇది రాస్తున్న నాటికీ ఉంది.

స్టేట్‌మెంటు ఒకటిన్నర పేజీ అయింది. లోపలి నల్లులు కూడా చావాలని షరతు పెట్టింది నేను. ఎలా చేశాడో చెప్పబోతే ఆపింది నేను. నా కోడలు వాసన గుర్తించి చెప్పినా వినక, పరుపును లోపలికి తెప్పించింది నేను. పాపకు లక్షణాలు కనిపించాక ఆస్పత్రికి పోనీయకుండా ఆపడానికి ప్రయత్నించింది నేను. ఒక్కో వాక్యానికి తేదీ, వేళ వేశాను.

హెడ్ కానిస్టేబులు చదివి నెత్తి గోక్కున్నాడు. “ఏం మేడం ఇది? ఇట్ల రాస్తే కేసు ఎవరి మీద పెట్టల్ల?”

“జరిగింది రాశాను. ఎవరి మీద పెట్టాలో మీ పని.”

విష్ణు కాగితం లాక్కుని చదివాడు. దాన్ని బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం అయిదు దాటాక పాప ఏడ్చింది. గొంతు ఎండిపోయి గీరగా వచ్చిన ఏడుపు. హేమ నర్సును అడగకుండానే రవిక ముడి విప్పబోయింది. ఆమె పాలు ఇంకో రెండు రోజులు ఇవ్వకూడదని డాక్టరు చెప్పింది. అప్పుడు హేమ మొదటిసారి ఏడ్చింది.

ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళి పరుపు సంగతి చూశాను. తగలబెడితే పొగ, పారేస్తే ఆ ఏడు దాన్ని ఎవరైనా ఇంటికి మోసుకుపోకుండా ఉండరు. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, కత్తిపీటతో పైగుడ్డను, దూదిని ముక్కలు ముక్కలుగా కోశాను. ఇక ఎవరికీ పనికిరాదని నమ్మకం కలిగాక, కూలి మనిషిని పెట్టి ఊరి బయట మనిషి లోతు గుంట తవ్వించి పూడ్పించాను.

వారం తర్వాత ఆస్పత్రి నుంచి వదిలారు. ఇంటికి వచ్చిన రెండో రోజు హేమ సంచి సర్దుకుంది.

“బెళుగుప్పకు పోతాండా అత్తా.”

“అక్కడ నీళ్ళు లేవు కదా?”

“మోసుకొస్తాం.”

ఎప్పుడు వస్తావని అడగలేదు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసే హక్కు పది రోజుల క్రితం వరకు నాకుండేది. బస్టాండుకు విష్ణు సంచి మోశాడు, నేను వెనక నడిచాను. అనంతపురం బస్సు ఇంకా కదలలేదు. హేమ కిటికీ పక్క సీటును ముందు చేత్తో తడిమి, వంగి కింద చూసి, తన పాత చీర మడతపెట్టి పరిచి కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

“ఒక్కసారి ఇస్తావా?” అన్నాను.

ఆమె పాపను ఇవ్వలేదు. నా చేతుల వైపు చూసింది.

“గుంట పూడ్పించినంక ఈ గాజులు కడిగినావా అత్తా?”

“కడిగాను. మూడుసార్లు.”

“తీసి కడిగినావా, ఏసుకోనే కడిగినావా?”

నేను ఆలోచించాను. అబద్ధం చెప్పే వయసు కాదు, సందర్భం కాదు. “వేసుకునే,” అన్నాను.

డ్రైవరు ఎక్కి హారను కొట్టాడు. నేను గాజులు ఒక్కొక్కటే తీసి విష్ణు చేతిలో పెట్టాను. బస్టాండు కొళాయిలో నీళ్ళు రావు. సోడా అంగడివాణ్ణి అడిగి ఒక చెంబు నీళ్ళు, ఒక సబ్బు తునక తీసుకున్నాను. మోచేతుల దాకా రుద్దుకుంటుంటే కండక్టరు “ఏందమ్మా, బస్సు పోతాంది!” అని అరిచాడు.

“రోంత ఆగన్నా,” అంది హేమ లోపలినుంచి. “మా అత్త చేతులు కడుక్కుంటాంది.”